పురుడు పుట్టింట్లో, నాన్న నగరంలో

తొలి కాన్పుకు అమ్మాయిని పుట్టింటికి పంపడం మన ఇళ్లలో ఆనవాయితీ. మూడో నెలో ఐదో నెలో వచ్చాక గాని తల్లీబిడ్డలు హైదరాబాదుకు రారు. ఈలోగా మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఉద్యోగం చేసుకునే తండ్రి శనివారం బస్సెక్కి వెళ్లి, బిడ్డను కాసేపు ఒడిలో పెట్టుకుని, ఆదివారం రాత్రికి తిరిగివస్తాడు.

బాలింతకు విశ్రాంతినిచ్చే ఈ ఏర్పాటును తప్పుపట్టలేం. అయితే ఏడుపులో ఆకలి ఏదో నిద్రమత్తు ఏదో పోల్చుకోవడం, మెడ నిలవని పసికందుకు నీళ్లు పోయడం, పాలు తాగాక భుజాన వేసుకుని తేన్పు తెప్పించడం వంటి పనులన్నీ ఆమె తన తల్లి పక్కన కూర్చుని నేర్చుకునేది సరిగ్గా ఆ నెలల్లోనే. నగరానికి చేరేసరికి ఆమెకు చేయి తిరిగి ఉంటుంది. అతనికి బిడ్డను ఎత్తుకోవడమే భయం. "మీకు రాదులెండి, ఇటివ్వండి" అన్న మాటలో ఆప్యాయతే ఉన్నా, అతని అభ్యాసం అక్కడితో ఆగిపోతుంది. పిల్లల పెంపకంలో తండ్రి పాత్రను నిర్ణయించే కారణాలు చాలానే ఉన్నా, ఈ తొలి నెలల దూరానికి మనం ఇవ్వవలసినంత ప్రాధాన్యం ఇవ్వడం లేదని నా అభిప్రాయం.

పసిపిల్లల పని మగవారి ఒంటికి సరిపడదన్న వాదన నిలవదు. ఫిలిప్పీన్స్‌లోని సెబూ ప్రాంతంలో 624 మంది యువకులను 2005 నుంచి 2009 వరకు గమనించిన అధ్యయనంలో, తండ్రులైనవారిలో పురుష హార్మోను అయిన టెస్టోస్టెరాన్ బాగా తగ్గింది. రోజుకు మూడు గంటలకు పైగా బిడ్డ పనులు చూసేవారిలో అది మరింత తక్కువగా కనిపించింది. సంరక్షణ వల్లనే హార్మోను తగ్గిందా, తక్కువ ఉన్నవారే సంరక్షణకు మొగ్గుతారా అన్నది ఈ రెండో ఫలితం ఒక్కదానితో తేలకపోయినా, పితృత్వానికి పురుషదేహం స్పందిస్తుందన్నది మాత్రం స్పష్టం.

మన దేశంలో 2024 నాటి కాలవినియోగ సర్వే ప్రకారం 15–59 ఏళ్ల స్త్రీలలో 41 శాతం మంది ఇంట్లోవారి సంరక్షణలో పాల్గొంటూ రోజుకు 140 నిమిషాలు వెచ్చించగా, పురుషులలో పాల్గొన్నది 21.4 శాతమే, వారు వెచ్చించింది 74 నిమిషాలే. ఇందులో వృద్ధుల సేవ కూడా కలిసే ఉంది.

నార్వే 1993లో నాలుగు వారాల సెలవును తండ్రికే ప్రత్యేకించి, అతను వాడుకోకపోతే అది రద్దయ్యేలా నియమం పెట్టింది. అంతవరకు నూటికి ముగ్గురు మాత్రమే సెలవు తీసుకునేవారు. నియమం రాగానే 35 మంది, 2006 నాటికి 70 మంది తీసుకున్నారు. ఇంత తక్కువ కాలంలో మగవారి స్వభావం మారిందనుకోలేం. మారింది సెలవు నియమమే, దానితోపాటు సెలవు అడిగితే ఆఫీసులో ఏమనుకుంటారోనన్న జంకు కూడా కొంత తగ్గి ఉంటుంది.

మన చట్టం 2017 సవరణతో తల్లికి 26 వారాల సెలవు ఇచ్చింది గాని, ప్రైవేటు ఉద్యోగి అయిన తండ్రికి ఏమీ ఇవ్వలేదు. అది యాజమాన్యం దయ. కేంద్ర ప్రభుత్వోద్యోగికి 15 రోజులు ఉంది, ఇద్దరు పిల్లల లోపు వారికే. ఆ సెలవు తరచుగా ఆసుపత్రికీ బారసాలకూ ఖర్చయిపోతుంది. నిజానికి దాన్ని కాన్పు తరువాత ఆరు నెలలలోపు ఎప్పుడైనా వాడుకోవచ్చు. అంటే పుట్టింటి నుంచి తల్లీబిడ్డలు నగరానికి వచ్చిన వారానికి దాచుకోవడానికి నియమం అడ్డురాదు.