గుండె దడకు భయపడే పిల్లలకు

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

పరీక్ష హాలులో ప్రశ్నపత్రం అందుకోగానే గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమర్చుతాయి, కొందరికి కళ్లు తిరుగుతాయి. అది భయపడినప్పుడు ఒంట్లో ఊరే అడ్రినలిన్ అనే హార్మోను చేసే పని. దడ ఎంత తీవ్రంగా వచ్చినా మామూలుగా పది నిమిషాల్లో తారస్థాయికి చేరి, ఆపైన దానంతటదే తగ్గుతుంది. మాటిమాటికీ వస్తుంటే మాత్రం థైరాయిడ్, రక్తహీనత, గుండె జబ్బు వంటివి ఉన్నాయేమో ఒకసారి డాక్టరుకు చూపించుకోవాలి.

నా బెంగంతా ఆ దడకే హడలిపోయే పిల్లల గురించి. ‘గుండె ఆగిపోతుందేమో’ అని ఒకరికి, ‘పిచ్చెక్కుతుందేమో’ అని ఇంకొకరికి, ‘నా చేతులు వణకడం అందరూ చూస్తున్నారేమో’ అని మరొకరికి భయం. పరీక్షంటే భయం వేరు, ఆ భయం ఒంట్లో పుట్టించే గుర్తులంటే భయం వేరు. 1980లలో అమెరికాలో స్టీవెన్ రీస్, రిచర్డ్ మెక్‌నాలీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ రెండో భయాన్ని విడిగా గుర్తించారు. దాన్ని కొలవడానికి 1986లో 16 వాక్యాల ప్రశ్నావళి వచ్చింది.

మత్తు ఈ భయాన్నే ఆసరా చేసుకుంటుంది. మద్యం మెదడు వేగాన్ని తగ్గిస్తుంది కనుక కాసేపట్లోనే వణుకు ఆగుతుంది. దడంటే ప్రాణభయం ఉన్నవాడికి ఆ ఊరట చాలా పెద్దది, మరిచిపోలేనిది. అలవాటయ్యాక మత్తు దిగేటప్పుడు అదే వణుకు, అదే చెమట ఇంకా ఎక్కువగా వస్తాయి. వాటిని ఆపడానికి మళ్లీ గ్లాసు అందుకుంటాడు. సిగరెట్ సంగతీ ఇంతే. నికోటిన్ నిజానికి గుండె వేగాన్ని పెంచుతుంది. ఒంట్లో నికోటిన్ తగ్గినప్పుడు పుట్టే చిరాకును తర్వాతి సిగరెట్ తీరుస్తుంది, అంతే. దాన్ని ప్రశాంతత అనుకోవడం చూస్తే నాకు చాలా బాధేస్తుంది.

2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు పెరిగినప్పుడు ఏం జరిగిందో మీరు తెలుసుకోవాలి. అలాంటి కల్లులో ఆల్ప్రజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. మొదటి రెండూ డాక్టర్లు ఆందోళనకు ఇచ్చే మందులే, మూడోది నిద్రపుచ్చే రసాయనం. ఆ కల్లు దొరక్క నిజామాబాద్ వంటి జిల్లాల్లో ఎంతోమంది వణుకుతో, మతి తప్పిన మాటలతో, మూర్ఛలతో ఆసుపత్రుల పాలయ్యారు. తాము దేనికి బానిసలయ్యారో కూడా వాళ్లలో చాలామందికి తెలియదు.

ఈ భయానికి మంచి చికిత్స ఉంది. మనస్తత్వ నిపుణులు ఉన్నచోటే పరుగెత్తిస్తారు, కుర్చీలో గిరగిరా తిప్పుతారు, సన్నని గొట్టంతో ఊపిరి పీల్పిస్తారు. కావాలనే తెచ్చుకున్న దడ ఏ హానీ చేయకుండా తగ్గిపోవడం నాలుగైదుసార్లు చూస్తే భయం సడలుతుంది. కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త పాట్రిషియా కాన్రాడ్ బడి పిల్లల కోసం రూపొందించిన మత్తు నివారణ కార్యక్రమంలో నాలుగు రకాల స్వభావాలకు విడివిడిగా శిక్షణ ఉంటుంది. వాటిలో ఈ భయం ఒకటి. మన బళ్లలోనూ ఇలాంటివి రావాలని నా గట్టి కోరిక.

మీలో ఎవరైనా ఇప్పటికే మద్యానికో మాత్రలకో అలవాటుపడి ఉంటే ఒక్కసారిగా మానేయకండి, మూర్ఛలు రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలో తగ్గించుకోవాలి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సహాయం టెలీ మానస్ నంబరు 14416. తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. దడ ఒక్కటే చెప్పి ఊరుకోకండి, ఏం తీసుకుంటున్నారో, ఎంత తీసుకుంటున్నారో కూడా దాచకుండా చెప్పండి.

మీ తాతయ్య