పొత్తిళ్లలోనే పట్టుకోవలసిన చాగస్ వ్యాధి

లాటిన్ అమెరికా పల్లెల్లో మట్టిగోడల పగుళ్లలో దాగి, రాత్రిపూట మనుషుల రక్తం పీల్చే నల్లిజాతి పురుగుల వల్ల వ్యాపించే చాగస్ వ్యాధిని బ్రెజిల్ వైద్యుడు కార్లోస్ చాగస్ 1909లో గుర్తించాడు. ట్రిపనోసోమా క్రూజీ అనే ఏకకణ పరాన్నజీవి దీనికి కారణం. మందు చల్లి పురుగును అదుపు చేసిన చోట కూడా తల్లి నుంచి గర్భంలోని శిశువుకు ఇది సోకుతూనే ఉంది. వ్యాధి ఉన్న తల్లులకు పుట్టే ప్రతి వందమంది బిడ్డల్లో దాదాపు 5 గురికి ఇది సంక్రమిస్తుంది. ఆ పురుగే లేని స్పెయిన్‌లో సైతం, బొలీవియా నుంచి వలస వచ్చిన మహిళల కాన్పుల్లో ఇది బయటపడుతోంది.

ఈ పిల్లల్లో చాలామంది పుట్టినప్పుడు చూడటానికి ఆరోగ్యంగానే ఉంటారు కనుక రక్తపరీక్షే దిక్కు. అయితే తల్లి రక్తంలోని ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) మాయ గుండా బిడ్డకు చేరి సుమారు 8 నెలల దాకా నిలిచి ఉంటాయి కాబట్టి, అంతకుముందు చేసే ప్రతిరక్షకాల పరీక్ష తల్లికి వ్యాధి ఉందని చెప్పగలదే తప్ప బిడ్డకు సోకిందో లేదో తేల్చలేదు. అందువల్ల నేరుగా పరాన్నజీవినే వెతకాలి. బొడ్డుతాడు నుంచో, బిడ్డ మడమ నుంచో తీసిన రక్తాన్ని సన్నని గాజు గొట్టాల్లో నింపి యంత్రంలో వేగంగా తిప్పితే, ఎర్రకణాలు అడుగుకు దిగి, వాటి పైన తెల్లకణాల పలుచని పొర ఏర్పడుతుంది. ఆ పొర దగ్గర సూక్ష్మదర్శినితో చూస్తే, మెలికలు తిరుగుతూ కదిలే పరాన్నజీవులు కనిపిస్తాయి. ఖర్చు తక్కువే గాని, చూసేవారికి ఓపిక, అనుభవం రెండూ కావాలి. పైగా పుట్టిననాడు వాటి సంఖ్య చాలా తక్కువగా ఉండవచ్చు కనుక నెల తరువాత మళ్లీ చూస్తారు. జన్యుపదార్థాన్ని గుర్తించే పీసీఆర్ పరీక్ష ఇంకా సున్నితమైనదే అయినా, దానికి తగిన ప్రయోగశాల అన్నిచోట్లా ఉండదు. అప్పటికీ ఏమీ దొరకకపోతే, 8 నెలలు దాటాక చేసే ప్రతిరక్షకాల పరీక్షతోనే విషయం తేలుతుంది.

అసలు నష్టం జరిగేది ఈ నెలల ఎడంలోనే. ఆరోగ్యంగా ఆడుకుంటున్న బిడ్డను ఎత్తుకుని, కూలి పోగొట్టుకుని, దూరాభారానికి ఓర్చి మళ్లీ ఆసుపత్రికి రావడం ఎందరు తల్లులకు సాధ్యం? మొదటి ఏడాదిలోనే బెంజ్నిడజోల్ గానీ నిఫర్టిమాక్స్ గానీ సాధారణంగా 60 రోజులు ఇస్తే 90 శాతానికి పైగా పిల్లలు పూర్తిగా నయమవుతారు. పెద్దల కంటే పసిపిల్లలు ఈ మందులను బాగా తట్టుకుంటారు కూడా. వదిలేస్తే, దశాబ్దాల తరువాత దాదాపు 30 శాతం మందికి గుండె దెబ్బతింటుంది.

అందుకే నా దృష్టిలో, ఆ ఆఖరి పరీక్షను తల్లులు ఎలాగూ వచ్చే టీకా రోజుతో ముడిపెట్టడం అన్నిటికన్నా అవసరం. గర్భిణికి ఈ మందులు ఇవ్వరు గాని, కాన్పు అయ్యాక తల్లికి చికిత్స చేస్తే తరువాతి బిడ్డకు సోకే ముప్పు చాలా వరకు తగ్గుతుంది.