గ్రహణమొర్రి నుంచి హోమ్ ప్రోగ్రామ్ దాకా: తల్లి మోసిన బరువు

పై పెదవి చీలి పుట్టడాన్ని తెలుగులో గ్రహణమొర్రి అంటాం. కడుపుతో ఉన్న మనిషి గ్రహణం వేళ కదిలిందనో, కత్తిపీట ముట్టిందనో ఆ పేరులోనే ఒక నేరారోపణ దాగి ఉంది. ముద్దాయి తల్లి. ఇరవయ్యో శతాబ్దంలో వైద్యశాస్త్రం కూడా చాలాకాలం ఇదే తీర్పు చెప్పింది, మాటలే వేరు.

1943లో అమెరికాలో మనోవైద్యుడు లియో కానర్ 11 మంది పిల్లలను పరిశీలించి ఆటిజాన్ని వర్ణించారు. 1949లో రాసిన వ్యాసంలో, ఆ పిల్లలు మంచు కరగని రిఫ్రిజిరేటర్‌లో పెరిగినట్టున్నారన్నారు, అంటే తల్లిదండ్రుల్లో ఆప్యాయత లేదని. 1967లో బ్రూనో బెటల్‌హైమ్ పుస్తకం ఈ నిందకు మరింత ప్రచారం తెచ్చింది. తల్లులను మనోవిశ్లేషణకు పంపారు. ఆటిజం ఉన్న బిడ్డకు తండ్రి అయిన బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లోనే ఇది పెంపకం లోపం కాదని వాదించారు. 1977లో పరిశోధకులు ఫోల్‌స్టీన్, రట్టర్ 21 కవల జంటల్ని పరిశీలించి జన్యువుల పాత్రను చూపాకే ఆ నింద బలం తగ్గింది.

మా దృష్టిలో అసలు మలుపు 1962లో సైమన్ ఒల్షాన్‌స్కీ రాసిన చిన్న వ్యాసం. బిడ్డకు బుద్ధిమాంద్యం ఉందని తెలిశాక తల్లిదండ్రుల దుఃఖం ఒకసారి ఏడిస్తే తీరేది కాదు, జీవితాంతం వస్తూ పోతూ ఉంటుంది, అది జబ్బు కాదు అన్నారాయన. ‘ఇంకా ఒప్పుకోలేదా’ అని తల్లిని నిలదీసే నిపుణులకు అది జవాబు. ఈ దుఃఖం ఎప్పుడు తిరగబెడుతుందో చాలావరకు ముందే చెప్పవచ్చు: ఈడు పిల్లలు నడక, మాటలు మొదలుపెట్టినప్పుడు, బడిలో వేసే ఐదో ఏట, ఆడపిల్ల పెద్దమనిషి అయినప్పుడు, 18 నిండినప్పుడు.

తర్వాత తల్లి ఒత్తిడిని ప్రశ్నలతో కొలిచే కాలం వచ్చింది. 1974లో జీన్ హోల్‌రాయిడ్ తయారుచేసిన ప్రశ్నావళిలో 285 ప్రశ్నలు. అలసిన తల్లికి అదే ఒక పని. 1983లో దాన్ని 52కి కుదించారు. ఇప్పుడు ఎక్కువగా వాడే పేరెంటింగ్ స్ట్రెస్ ఇండెక్స్ పొట్టి రూపంలో 36 ప్రశ్నలు: తల్లి బాధ, తల్లీబిడ్డల బంధం, బిడ్డ మొండితనం, ఒక్కోదానికి 12. ఇక్కడొక చిక్కుంది. బిడ్డ తనను చూసి నవ్వడం తక్కువ అని తల్లి రాస్తే స్కోరు పెరుగుతుంది. ఆటిజంలో అది బిడ్డ తీరు, బంధంలో లోపం కాదు. మొత్తం స్కోరు చూసి తల్లిని అంచనా వేసేవాళ్లు ఈ తప్పే చేస్తారు. మూడు భాగాలనూ విడివిడిగా చదవాలి.

ఈ కొలతల్లో తేలిన పెద్ద విషయం: తల్లి ఒత్తిడి వైకల్యం శాతాన్ని బట్టి అంతగా పెరగదు. నిద్రపోకపోవడం, కొట్టుకోవడం, వీధిలోకి పరుగెత్తడం వంటి ప్రవర్తనను బట్టే ఎక్కువగా పెరుగుతుంది. అలసిన తల్లికి ఓపిక తగ్గుతుంది, దాంతో బిడ్డ గోల పెరుగుతుంది. అది మళ్లీ తల్లినే అలుపుకు గురిచేస్తుంది. డౌన్ సిండ్రోమ్ పిల్లల తల్లులకు సగటున స్కోరు తక్కువ రావడానికి ఒక కారణం, ఆ సంగతి పుట్టగానే తెలియడం. ఆటిజం తల్లి పేరు తెలియని జబ్బుతో ఏళ్లపాటు ఆసుపత్రులు తిరుగుతుంది. మన సదరం సర్టిఫికెట్ మాత్రం 40 శాతం గీత దగ్గర బిడ్డను కొలుస్తుంది, తల్లి రాత్రి ఎన్ని గంటలు పడుకుందో అడగదు.

మెదడు దెబ్బతిని కండరాల అదుపు తప్పే సెరిబ్రల్ పాల్సీలో చాలామంది బిడ్డలకు నాలుక ముందుకు తోసుకొస్తుంది, మింగడం నెమ్మది. తొందరపెడితే అన్నం ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పూటకు 40 నిమిషాలు వేసుకున్నా మూడు పూటలకు రెండు గంటలు. దానిపైన ఉదయం, సాయంత్రం సాగదీసే వ్యాయామాలు, మరుగుదొడ్డి, రాత్రి పక్క మార్చడం. 15 కిలోల బిడ్డను రోజూ ఎత్తే నడుముకు నొప్పి తప్పదు. ఇంత పనికి పైన థెరపీ సెంటర్ ఇచ్చే హోమ్ ప్రోగ్రామ్ కాగితంలో పది అంశాలుంటే తల్లి ఏదీ చేయలేదు, నేరభావం మాత్రం మిగులుతుంది. స్నానం, బట్టలు, భోజనంలో కలిసిపోయే రెండు మూడింటికి మించి రాయకూడదు. తండ్రికి ‘సాయం చెయ్యి’ అని చెప్పి వదిలేయకుండా, రాత్రి భోజనం లాంటి ఒక పనిని మొదటి నుంచి చివరిదాకా నేర్పి అప్పగించాలి.

మన దేశంలో తొలి అడుగుల్లో కొన్ని తల్లులే వేశారు. 1972లో ముంబైలో మిథు అలూర్ స్పాస్టిక్స్ సొసైటీ నెలకొల్పింది సెరిబ్రల్ పాల్సీ ఉన్న తన కూతురి కోసమే. 1984లో సికింద్రాబాద్‌లో జాతీయ బుద్ధిమాంద్య సంస్థ ఏర్పడింది. అక్కడ 1990లలో రీటా పెషావరియా బృందం తయారుచేసిన కుటుంబ అవసరాల పట్టిక తల్లిదండ్రులతోపాటు తోబుట్టువులను, తాతా నాయనమ్మలను కూడా మీకేం కావాలని అడిగింది. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద లక్ష రూపాయల దాకా నిరామయ ఆరోగ్య బీమా, పగటి సంరక్షణకు వికాస్, కొన్నాళ్లు ఉంచుకునేందుకు సమర్థ్ పథకాలు వచ్చాయి. కాగితం మీద మంచివే, కానీ ఇంటికి అందుబాటులో కేంద్రం లేని తల్లికి అవి లేనట్టే. ఉద్యోగం చేసే తల్లికి శిశు సంరక్షణ సెలవు దయ కాదని 2024లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన శిక్షణ ఎదుగుదల లోపాలున్న 2 నుంచి 9 ఏళ్ల పిల్లల కుటుంబాలకు 9 తరగతులు, 3 ఇంటి సందర్శనలతో సాగుతుంది. అందులో తల్లి ఆరోగ్యం కూడా ఒక పాఠం. నడిపేవాళ్లు గుర్తుపట్టాల్సిన తేడా ఒల్షాన్‌స్కీ మాటలోనే ఉంది: దుఃఖం వచ్చి పోతుంది, మధ్యలో తల్లి నవ్వుతుంది, తింటుంది. రెండు వారాలుగా ఆ నవ్వు లేక, నిద్ర, ఆకలి పోతే అది డిప్రెషన్ కావచ్చు, వైద్యుడికి చూపించాలి. ‘నేను పోతే వీడినీ తీసుకుపోతాను’ అన్న మాట వినిపిస్తే ఆ రోజు ఆమెను ఒంటరిగా వదలకూడదు; వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. టెలీ మానస్ నంబరు 14416కు తెలుగులోనే మాట్లాడవచ్చు.