పోస్ట్‌గ్రెస్‌ను బర్కిలీ వదిలేశాక

2024 మార్చిలో రెడిస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ లైసెన్సును దాని కంపెనీ మార్చడంతో పాత వాదన మళ్లీ రాజుకుంది. యూనివర్సిటీ కోడ్ డెమోకి తప్ప దేనికీ పనికిరాదని, ఏళ్ల తరబడి నిలబెట్టేది కంపెనీలేనని ఒక పక్షం అంటోంది. కంపెనీ లెక్కలు మారితే షరతులూ మారతాయని రెండో పక్షం. ఈ తగువులో, బర్కిలీ యూనివర్సిటీలో పుట్టిన డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ పేరు రాక మానదు.

దాన్ని మొదలుపెట్టిన ప్రొఫెసర్ స్టోన్‌బ్రేకర్, అంతకుముందు ఆయన కట్టిన ఇన్‌గ్రెస్ డేటాబేస్, 1986లో మొదలైన పోస్ట్‌గ్రెస్ పరిశోధన అందరికీ తెలిసినవే. అసలు మలుపు 1993లో ఉంది. ఆ ఏడాది బయటి వాడుకదారులు దాదాపు రెట్టింపయ్యారు. పరిశోధనకు వెచ్చించాల్సిన సమయం కోడ్ మరమ్మతులకూ, సందేహాలు తీర్చడానికీ పోయింది. దాంతో 4.2 వెర్షన్‌తో బర్కిలీ ప్రాజెక్టును ముగించింది. దీన్ని నిర్లక్ష్యమనడం అన్యాయం. విద్యార్థికి డాక్టరేట్ వచ్చేది కొత్త ఆలోచనకు, పాత బగ్ సరిచేసినందుకు కాదు. పైగా ఎవరైనా తీసుకుని మార్చుకోగల లైసెన్సుతో కోడ్‌ను వదిలింది. తర్వాత జరిగినదంతా దాని చలవే.

1994లో ఆండ్రూ యూ, జాలీ చెన్ అనే ఇద్దరు బర్కిలీ విద్యార్థులు ఆ కోడ్ అందుకున్నారు. డేటాను అడిగే పోస్ట్‌క్వెల్ భాషను తీసేసి, అందరూ వాడే ఎస్‌క్యూఎల్ పెట్టారు. కోడ్ మొత్తాన్ని ప్రామాణిక సీ భాష అయిన ఆన్సీ సీలోకి తెచ్చి, పరిమాణం 25 శాతం తగ్గించారు. అంతకుముందు, కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా మార్చే జీసీసీ కంపైలర్‌కు ప్యాచ్ వేస్తే తప్ప అది కంపైల్ అయ్యేది కాదు. డబుల్ అనే దశాంశ విలువలు మెమరీలో అమరే తీరును సరిచేశాక మామూలు జీసీసీ సరిపోయింది. డేటాబేస్ వేగాన్ని కొలిచే విస్కాన్సిన్ బెంచ్‌మార్క్‌లో వేగం 4.2 కన్నా 30 నుంచి 50 శాతం పెరిగింది. వీటిలో పరిశోధనా పత్రానికి పనికొచ్చేది ఒక్కటీ లేదు, నాణ్యత మాత్రం ఇక్కడి నుంచే మొదలైంది.

కంపెనీ బాట కూడా ఉండేది. అదే కోడ్‌తో వచ్చిన ఇలస్ట్రా కంపెనీని మరో డేటాబేస్ కంపెనీ ఇన్‌ఫార్మిక్స్ కొనుక్కుంది, 2001లో ఇన్‌ఫార్మిక్స్ డేటాబేస్ వ్యాపారాన్ని ఐబీఎం కొంది. ఇలస్ట్రా పేరుతో ఇవాళ ఉత్పత్తి ఏదీ లేదు.

1996లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌గా పేరు మార్చుకున్న కోడ్‌కు పరిశోధన మిగిల్చిన బరువు ఒకటుంది. బర్కిలీ డిజైన్‌లో అప్‌డేట్ చేస్తే పాత రో (టేబుల్‌లోని వరుస) చెరగదు, కొత్తది పక్కన చేరుతుంది. గతంలోని డేటాను చూసే సౌకర్యం కోసం అలా కట్టారు. ఆ సౌకర్యాన్ని 6.2 వెర్షన్‌లో తీసేసినా నిల్వ పద్ధతి మిగిలింది. 1999లో 6.5 వెర్షన్ ఆ పాత రోలనే ఆసరా చేసుకుని, చదివేవాళ్లు రాసేవాళ్ల కోసం ఆగక్కర్లేకుండా చేసింది. కానీ ఎవరికీ అక్కర్లేని చచ్చిన రోలను వాక్యూమ్ అనే శుభ్రపరిచే పని ఊడ్చకపోతే టేబుల్ ఉబ్బిపోతుంది. ప్రతి లావాదేవీకీ ఇచ్చే సంఖ్య 32 బిట్లే కాబట్టి, పాత రోలను ఫ్రీజ్ చేయకపోతే, అంటే పాతవని శాశ్వతంగా గుర్తు పెట్టకపోతే, సుమారు 200 కోట్ల లావాదేవీల తర్వాత గతం భవిష్యత్తులా కనిపిస్తుంది. అందుకే వాక్యూమ్‌ను తనంతట తానే నడిపే ఆటోవాక్యూమ్ ఆపేసి ఉన్నా, డిఫాల్ట్‌గా 20 కోట్ల లావాదేవీల వయసు దాటిన టేబుల్‌పై అది బలవంతంగా నడుస్తుంది. ఆటోవాక్యూమ్ సర్వర్‌లో భాగమైంది 2005లో, 8.1తో. డిఫాల్ట్‌గా ఆన్ అయింది 2008లో, 8.3తో. క్రాష్ అయితే ఇండెక్స్ పాడయ్యే ముప్పును తగ్గించిన, మార్పులను ముందే రాసిపెట్టుకునే ముందస్తు లాగ్ రావడానికి కూడా 2001లో 7.1 దాకా ఆగాల్సి వచ్చింది. మూడేళ్ల గ్రాంటుకు గానీ, మూడు నెలల లాభాల లెక్కకు గానీ లొంగే పని కాదిది.

ఇవాళ ప్రధాన డెవలపర్లలో చాలామందికి జీతాలిచ్చేది కంపెనీలే, అది కాదనలేం. అయితే ఏ కంపెనీ చేతిలోనూ పగ్గాలు లేవు. ప్రాజెక్టును నడిపించే కోర్ టీమ్‌లో సగానికి మించి ఒకే సంస్థవారు ఉండకూడదన్నది అక్కడి కట్టుబాటు. 2020లో ఎంటర్‌ప్రైజ్‌డీబీ సంస్థ మరో పోస్ట్‌గ్రెస్ కంపెనీ సెకండ్‌క్వాడ్రంట్‌ను కొనడంతో ఆ హద్దు దాటింది. కొద్ది వారాల్లోనే బయటి సంస్థల నుంచి ఇద్దరిని చేర్చుకుని కోర్ టీమ్ దాన్ని సరిచేసింది.