బస్టాండు దగ్గర ఆగిపోయిన కుక్క

చిన్నీ, బుజ్జిగా,

మీ ఉత్తరం అందింది. మీ వీధిలో దొంగతనం జరిగితే పోలీసు కుక్క వచ్చిందనీ, బస్టాండు దాకా పరుగెత్తి అక్కడ ఆగిపోయిందనీ, చూస్తున్నవాళ్లు నవ్వారనీ రాశారు. "దానికి చేతకాలేదా తాతయ్యా?" అని అడిగారు. పోలీసు డాగ్ స్క్వాడ్‌లో ఇరవై ఏళ్లు హ్యాండ్లర్‌గా, అంటే కుక్కకి నేర్పి నడిపించేవాడిగా చేసినవాణ్ణి, ఆ మాటకి ఊరుకుంటానా? దొంగ అక్కడ బస్సో ఆటోనో ఎక్కి ఉంటాడు. నేల మీద వాసన తెగిపోయింది కాబట్టి కుక్క ఆగింది. లేని దారిని ఉన్నట్టు చూపించలేదు. నన్నడిగితే దానికి బిస్కెట్ పెట్టాలి.

మనం నడుస్తుంటే కంటికి కనబడని చర్మపు పొట్టు ఒంటి మీంచి రాలుతూనే ఉంటుంది. దానికి మన వాసన అంటుకుని ఉంటుంది. అడుగు పడ్డచోట గడ్డి నలుగుతుంది, మట్టి పెళ్లగిలుతుంది, వాటికీ ఓ వాసన. వాసన పట్టే కణాలు మన ముక్కులో 50, 60 లక్షలు ఉంటే, కుక్కకి జాతిని బట్టి 10 కోట్ల నుంచి 30 కోట్ల దాకా ఉంటాయంటారు. అయినా దాని కష్టాలు దానివి. తెల్లవారుజామున తడి గడ్డి మీద వాసన చక్కగా నిలుస్తుంది. మే నెల మధ్యాహ్నం తారు రోడ్డు మీద త్వరగా పోతుంది. గాలి వీస్తే పక్క కాలవలోకి కొట్టుకుపోతుంది, అందుకే ఒక్కోసారి కుక్క అడుగుల మీద కాకుండా పక్కగా పోతుంది. వీటన్నిటికంటే పెద్ద టెన్షన్ చుట్టాలతో! మేం వెళ్లేసరికి ఊరంతా లోపలికొచ్చి బీరువా తడిమి చూసి ఉంటారు.

తెలంగాణలో అయితే మొయినాబాద్‌లోని పోలీసు శిక్షణ అకాడమీలో కుక్కకీ హ్యాండ్లర్‌కీ కలిపి దాదాపు 8 నెలలు శిక్షణ ఇస్తారు. నా కుక్క రాణికి మొదట్లో ఎలా నేర్పానో చెప్తా. ఓ కానిస్టేబుల్ గడ్డిలో తిన్నగా నడుస్తూ అడుగడుక్కీ చిన్న మాంసం ముక్క పెట్టేవాడు. అది ముక్కలు వెతుక్కుంటూ అడుగులు నేర్చుకుంది. తర్వాత ముక్కలు తగ్గించి, చివర్లో మాత్రం దానికిష్టమైన బంతి పెట్టాం. ఆపైన దారిలో మలుపులు. నడిచాక అరగంట ఆగి వదలడం. ఆ దారికి అడ్డంగా ఇంకో మనిషిని నడిపించడం. మెడకు లాగినట్టు ఉండకుండా ఒంటికి హార్నెస్ (పట్టీలు) కట్టి, పది మీటర్ల తాడు పట్టుకుని వెనకాల నేను.

కుక్క నేర్చుకుంది. నాకే టైం పట్టింది. ఒకసారి ఓ పల్లెలో నగలు పోయాయి. అందరి అనుమానం పాలేరు మీదే. నేనూ నమ్మేశాను. దారి రెండుగా చీలినచోట రాణి తల ఎత్తి తటపటాయించింది. నేను నాకు తెలియకుండానే వాడి పాక వైపు ఒక అడుగు వేశాను. తాడు అటు బిగిసింది. రాణి నా మొహం చూసి అటే నడిచింది. పాపం, రెండు రోజులు స్టేషన్‌లో కూర్చోబెట్టారు వాణ్ణి. అసలు దొంగ కాలవ గట్టు మీంచి వెళ్లాడని తర్వాత తేలింది. రాణి గట్టు వైపే చూస్తూ ఆగిందని నాకు ఇప్పటికీ గుర్తు. తాడు గుండా నా అనుమానం దానికి అందింది, అంతే. ఆ తర్వాత ప్రాక్టీసులో దారి ఎటు వేశారో నాకు చెప్పొద్దని మావాళ్లకి చెప్పేశాను.

కోర్టులూ ఈ విషయంలో జాగ్రత్తగానే ఉంటాయి. 2001లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు, దర్యాప్తుకి కుక్క సాయం తీసుకోవచ్చు గానీ తీర్పు దాని మీద ఆధారపడకూడదనే ధోరణిలో చెప్పింది. కుక్కని బోనెక్కించి ప్రశ్నలు అడగలేం కదా. అది చేసినదానికి అర్థం చెప్పేది నాలాంటివాడే, నా సంగతి పైన చదివారుగా.

సెలవులకి వచ్చేటప్పుడు బుజ్జిగాడి పాత చెప్పు ఒకటి తీసుకురండి. తెల్లారి మామిడి తోటలో బుజ్జిగాడు నడిచి ఎక్కడైనా దాక్కుంటే, ఆ చెప్పు వాసన చూపించి మన టామీతో వెతికిద్దాం. ఎటు వెళ్లాడో నాకు మాత్రం చెప్పకండి.

మీ
తాతయ్య