మళ్లీ రక్తం కావాలన్నప్పుడు

“బాబుకి ఇంకోసారి రక్తం తీయాలండి. కంగారేం లేదు, వచ్చే సోమవారం తీసుకురండి.”

కాన్పయి నాలుగైదు రోజులు గడిచాక ఆస్పత్రి నుంచి ఇలాంటి ఫోన్ వస్తుంది. బాలింత పుట్టింట్లో ఉంటుంది. బారసాలకి ఎవరెవర్ని పిలవాలో లెక్కలు నడుస్తుంటాయి. ఫోన్ పెట్టేశాక ఆ ఇంట్లో మాటలు తగ్గిపోతాయి. కంగారు పడొద్దన్నారంటే కచ్చితంగా ఏదో ఉందని తండ్రికి అనుమానం. గ్రహణం రోజు బయటికి వెళ్లిన సంగతి ఎవరో తవ్వి తీస్తారు. తల్లి మాత్రం నిద్రపోతున్న బిడ్డ ఛాతీ కదులుతోందా లేదా అని చూస్తూ కూర్చుంటుంది.

సోమవారం దాకా ఎందుకు ఆగాలో ఫోన్ చేసినవాళ్లు చాలాసార్లు చెప్పరు. అసలు చెప్పాల్సింది అదేనని నా అభిప్రాయం.

ముందు పరీక్ష సంగతి చూద్దాం. బిడ్డ పుట్టిన రెండు మూడు రోజులకి మడమ పక్కన చిన్న సూదితో గుచ్చి, కొన్ని చుక్కల రక్తాన్ని మందపాటి ఫిల్టర్ పేపర్ కార్డు మీద అద్ది ఆరబెడతారు. ఈ పద్ధతిని పెద్ద ఎత్తున వాడుకలోకి తెచ్చింది అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ గత్రీ, 1960ల మొదట్లో. ఆయన కొడుకుకి మానసిక ఎదుగుదల లోపం ఉండేది, భార్య సోదరి కూతురికి ఫినైల్‌కీటోన్యూరియా అనే జన్యువ్యాధి ఉండేది. ఆ వ్యాధిని పుట్టిన కొత్తలోనే పట్టుకోవడానికే ఆయన ఈ పరీక్ష తయారుచేశారు. ఇప్పుడు అవే చుక్కలతో పదుల కొద్దీ జబ్బుల్ని వెతకొచ్చు. చాలా దేశాల్లో ప్రతి బిడ్డకీ చేస్తారు. మన దేశంలో ఇంకా అందరికీ అందలేదు. ప్రైవేటు ఆస్పత్రుల్లో బిల్లులో ఒక వరుసగా కనిపిస్తుంది, కొన్ని రాష్ట్రాల్లో ప్రభుత్వమే చేయిస్తుంది.

హైదరాబాద్‌కి ఇందులో పాత చరిత్రే ఉంది. 2000లో ఇక్కడి నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రుల్లో నవజాత శిశువుల పరీక్షల ప్రాజెక్టు మొదలైంది. 18,300 మంది పిల్లల ఫలితాలు చూస్తే 1,700 మందిలో ఒకరికి పుట్టుకతోనే థైరాయిడ్ లోపం ఉంది. తర్వాత భారత వైద్య పరిశోధన మండలి హైదరాబాద్‌తో సహా ఐదు నగరాల్లో లక్షమందికి పైగా పిల్లల్ని పరీక్షించినప్పుడు 1,130 మందిలో ఒకరికి కనిపించింది. ‘మళ్లీ రక్తం కావాలి’ అనే ఫోన్లలో చాలావాటికి కారణం ఈ థైరాయిడ్ పరీక్షే కాబట్టి దాని దగ్గరే ఆగుదాం.

థైరాయిడ్ హార్మోను లేకపోతే పసివాళ్ల మెదడు సరిగా పెరగదు. మొదటి రెండు మూడేళ్లలో జరిగిన నష్టాన్ని తర్వాత ఎన్ని మందులు వాడినా పూడ్చలేం. పుట్టినప్పుడు ఆ పిల్లల్లో చాలామంది మామూలుగానే ఉంటారు, ఎందుకంటే కడుపులో ఉండగా తల్లి హార్మోను మాయ గుండా కొంత అందుతుంది. ఆ తర్వాత కామెర్లు తొందరగా తగ్గవు, విరేచనం సరిగా అవదు, బిడ్డ ఎక్కువసేపు నిద్రపోతుంది, పెద్దగా ఏడవదు. “ఎంత బుద్ధిమంతురాలో, రాత్రంతా లేవనే లేవదు” అని చుట్టాలు మెచ్చుకునే బిడ్డల్లో ఇలాంటి వాళ్లూ ఉంటారు. అందుకే కంటితో చూసి కనిపెట్టడం మీద ఆధారపడకూడదు. పట్టుకుంటే మాత్రం వైద్యం చాలా తేలిక. రోజుకో థైరాక్సిన్ మాత్ర పొడిచేసి, కాస్త తల్లిపాలలోనో నీళ్లలోనో కలిపి పట్టడమే. రెండు వారాల వయసు లోపు మొదలుపెడితే దాదాపు అందరిలాగే చదువుకుంటారు, ఆడుకుంటారు.

ఇంత తేలికైన మందు ఉన్న జబ్బుని ఒక్క బిడ్డలో కూడా వదిలేయకూడదని ఏ అంకె దాటితే మళ్లీ పిలవాలో ఆ గీతని కావాలనే కింద గీస్తారు. చేటలో బియ్యం ఏరేటప్పుడు అనుమానం వచ్చిన ప్రతి గింజనీ పక్కకి నెట్టినట్టు. పక్కకి నెట్టినవన్నీ రాళ్లు కావు. లెక్క కోసం 10,000 మంది పిల్లలు అనుకుందాం. వెయ్యికి ఒకరి చొప్పున 10 మందికి నిజంగా లోపం ఉంటుంది. పరీక్ష నూటికి ఒకర్ని మళ్లీ రమ్మంటుందనుకుంటే 100 ఇళ్లకి ఫోన్లు వెళతాయి. అందులో లోపం ఉన్నవాళ్లందరూ ఉన్నా 10 మందే, మిగతా 90 మంది ఆరోగ్యవంతులు. అయితే ఫోన్ వచ్చిన ఇంట్లో ఎవరూ ఈ లెక్క వేసుకోరు. ‘టెస్టులో తేడా వచ్చింది’ అంటే ‘జబ్బు వచ్చింది’ అనే వింటారు.

మరి ఆ 90 మందికి తేడా ఎందుకు వస్తుంది? ఇక్కడో చిత్రమైన సంగతి ఉంది. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి టీఎస్‌హెచ్ అనే హార్మోను పంపి థైరాయిడ్ చేత పని చేయిస్తుంది. థైరాయిడ్ సరిగా పనిచేయకపోతే టీఎస్‌హెచ్ పెరుగుతుంది. మన దగ్గర పరీక్ష వెతికేది ఎక్కువగా దీన్నే. ఇబ్బందేమిటంటే, తల్లి కడుపులోని వెచ్చదనం నుంచి బయటి చలిలోకి వచ్చిన ఏ బిడ్డలోనైనా టీఎస్‌హెచ్ ఒక్కసారిగా ఎగబాకుతుంది. అరగంటలో 60 నుంచి 80 యూనిట్ల దాకా వెళ్లి, తర్వాత రెండు మూడు రోజుల్లో దిగివస్తుంది. అందుకే 48 గంటలు దాటాక రక్తం తీయడం మంచిది. నార్మల్ కాన్పయి మర్నాడే ఇంటికి వెళ్లిపోయే వాళ్లకి ముందే తీసేస్తే, ఆరోగ్యంగా ఉన్న బిడ్డ అంకె కూడా ఎక్కువే కనిపిస్తుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో ఇంకొన్ని హార్మోన్లు కూడా ఇలాగే తప్పుదారి పట్టిస్తాయి. కార్డుని పోస్టులో పంపినప్పుడు మన ఎండాకాలం వేడి కూడా తన వంతు చేస్తుంది. జీ6పీడీ అనే ఎంజైము వేడికీ తేమకీ చచ్చుబడి, బిడ్డలో లేని లోపాన్ని కార్డు మీద చూపిస్తుంది.

మన దేశంలో పిల్లల హార్మోన్ల వైద్యులు పాటించే పద్ధతి ప్రకారం, కార్డు మీద టీఎస్‌హెచ్ 40 దాటితే వెంటనే పిలిచి నరం నుంచి రక్తం తీస్తారు. 20 నుంచి 40 మధ్య ఉంటే బిడ్డకి ఏడు నుంచి పది రోజుల వయసులో రెండోసారి చూస్తారు. ఈ రెండో రకం వాళ్ల విషయంలో ఎవరూ తాత్సారం చేయడం లేదు. ఆ నాలుగైదు రోజులు పరీక్షలో భాగమే. పుట్టిన తాకిడికి పెరిగిన అంకె అయితే తనంతట తనే దిగుతుంది, థైరాయిడ్ లోపమైతే దిగదు. ఇవాళే మళ్లీ తీస్తే ఆ తేడా తెలియదు, డబ్బిచ్చి పెద్ద ల్యాబులో చేయించినా అంతే.

వైద్యంలో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. జ్వరంతో ఉన్న చంటిబిడ్డ రక్తం కల్చర్‌కి పంపితే 48 గంటలు ఆగమంటారు, సూక్ష్మజీవి ఉంటే అది పెరిగి కనిపించడానికి ఆ సమయం కావాలి. క్షయ క్రిమి మరీ నెమ్మది, కల్చర్‌లో దానికి వారాలు పడుతుంది.

ఇదంతా తెలిసినా మనసు ఎందుకు కుదుటపడదు? 2016లో లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 45 మంది వలంటీర్లతో ఒక కంప్యూటర్ ఆట ఆడించారు. తెర మీద కనిపించే రాయి కింద పాము ఉందో లేదో ఊహించాలి. ఉంటే, ఊహ నిజమైనా కాకపోయినా, చేతికి నొప్పెట్టే కరెంటు షాక్ తగులుతుంది. వాళ్ల చెమటనీ కంటిపాప వెడల్పునీ కొలిచారు. షాక్ తప్పదని కచ్చితంగా తెలిసినప్పటి కంటే, తగలొచ్చు తగలకపోవచ్చు అన్నట్టు సగం సగం అవకాశం ఉన్నప్పుడే టెన్షన్ ఎక్కువ. అంటే శరీరం చెడు కబురుకి పడేంత బాధ కంటే తెలియనితనానికే ఎక్కువ పడుతోంది.

ఆ ప్రయోగంలో నాకు ఇంకా ఆసక్తిగా అనిపించిన సంగతి వేరే ఉంది. తెలియనితనంతో పాటే ఎవరి టెన్షన్ పెరుగుతూ తగ్గుతూ వచ్చిందో, పాము ఎక్కడుందో వాళ్లే బాగా ఊహించారు. కొత్తగా తెలుసుకోవడానికి ఏమైనా ఉన్నప్పుడు టెన్షన్ పనికొస్తుందన్నమాట, మెదడుని చురుగ్గా ఉంచుతుంది. రిపోర్టు కోసం ఎదురుచూసే తల్లికి ఆ నాలుగు రోజుల్లో కొత్తగా తెలిసేది ఏమీ లేదు. మెదడు మాత్రం ఊరుకోదు, ఆనవాళ్ల కోసం వెతుకుతూనే ఉంటుంది. అర్ధరాత్రి రెండింటికి ఫోన్లో లక్షణాలు టైప్ చేయడం, బిడ్డ నాలుక పెద్దగా ఉందా అని టార్చి వేసి చూడటం, పక్కింటి బాబుతో పోల్చుకోవడం అన్నీ ఆ వెతుకులాటే. “ఊరికే ఆలోచించకు” అని సలహా ఇచ్చేవాళ్లకి ఈ సంగతి తెలియదు. ఆలోచన ఆగకపోవడం తల్లి బలహీనత కాదు.

ఎదురుచూపు మీదే ఏళ్లుగా పనిచేస్తున్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రవేత్త కేట్ స్వీనీ, లాయర్ల అర్హత పరీక్ష రాసి నాలుగు నెలలు ఫలితం కోసం ఆగినవాళ్లని గమనించారు. ఆందోళన మొదట్లో ఎక్కువ, మధ్యలో కాస్త సద్దుమణుగుతుంది, ఫలితం వచ్చే ముందు మళ్లీ పెరుగుతుంది. తమకి తాము ధైర్యం చెప్పుకునే ఉపాయాలు పెద్దగా పనిచేయలేదు. పూర్తిగా మునిగిపోయి చేసే పని ఏదైనా ఉంటే మాత్రం కొంత ఊరట దొరికింది. చివర్లో చెడుకే సిద్ధపడి, మధనపడుతూ గడిపినవాళ్లు చెడు ఫలితాన్ని బాగానే తట్టుకున్నారు, మంచి ఫలితం వస్తే మిగతావాళ్ల కంటే ఎక్కువ సంబరపడ్డారు. న్యాయ పరీక్షకీ చంటిబిడ్డ రక్తానికీ పోలికేమిటని అడిగితే జవాబు చెప్పడం కష్టమే. అయినా ఆ ఎత్తుపల్లాలు ఆస్పత్రి కుర్చీల్లో కూర్చున్న ఎవరికైనా తెలిసినవే.

ఈ జబ్బుల చరిత్రలో ఎదురుచూసిన తల్లులు తరచూ కనిపిస్తారు. 1930ల్లో నార్వేలో ఒక తల్లి, ఇద్దరు పిల్లలూ ఎదగడం లేదని డాక్టర్ల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగింది. పిల్లల దగ్గర ఏదో వింత వాసన వస్తోందని చెబితే ఎవరూ పట్టించుకోలేదు. 1934లో వైద్యుడూ రసాయన శాస్త్రవేత్తా అయిన అస్బ్యోర్న్ ఫోలింగ్ ఆ పిల్లల మూత్రంలో ఫెర్రిక్ క్లోరైడ్ వేస్తే ఆకుపచ్చ రంగు వచ్చింది. ఆయన వెంటనే ఏ జబ్బు పేరూ చెప్పలేదు. పిల్లలకి ఇస్తున్న మందులన్నీ వారం పాటు ఆపించి మళ్లీ చూశారు, ఆ రంగు మందుల వల్ల రాలేదని తేల్చుకోవడానికి. అక్కడా ఒక వారం ఆగాల్సిందే. తర్వాత ఆ తల్లి లీటర్ల కొద్దీ మూత్రం మోసుకొచ్చి ఇస్తే, అందులోంచి ఫినైల్‌పైరువిక్ ఆమ్లాన్ని వేరుచేశారు. అలా బయటపడిందే ఫినైల్‌కీటోన్యూరియా. ఆ ఇద్దరికీ అప్పటికే ఆలస్యమైపోయింది.

1951లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఇంకో తల్లి ఉంది. డాక్టర్ హోర్స్ట్ బికెల్ ఆమె కూతురికి అదే జబ్బని నిర్ధారించి, రుజువుగా తన పరీక్ష కాగితం చూపించారు. ఆమెకి ఆ కాగితంతో పనిలేదు, వైద్యం కావాలి. లేదంటే ఒప్పుకోలేదు, రోజూ పొద్దున్నే ల్యాబు ముందు నిలబడి అడిగేది. చివరికి ఆయనా తోటివాళ్లూ కలిసి, ఈ జబ్బున్న శరీరం అరిగించుకోలేని ఫినైల్అలనిన్ (మాంసకృత్తుల్లో ఉండే పదార్థం) తగ్గించిన ఆహారం తయారుచేశారు, పాప కోలుకోవడం మొదలైంది. వైద్యం ఉందని తేలాకే, పుట్టగానే జబ్బుని పట్టుకోవాలన్న గత్రీ పరీక్షకి అర్థం వచ్చింది.

ఇక మళ్లీ పిలిపించుకుని చివరికి ఏమీ లేదని తేలిన ఇళ్ల సంగతి. అమెరికాలో ఇలాంటి తల్లిదండ్రుల మీద చేసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, బిడ్డ ఆరోగ్యంగా ఉందని తెలిశాక కూడా వాళ్లలో ఒత్తిడి మిగతావాళ్ల కంటే ఎక్కువగానే ఉంది. రెండోసారి రక్తం ఎందుకు తీశారో సరైన కారణం తెలిసిన తల్లుల్లో ఆ ఒత్తిడి తక్కువ. కారణం తెలిసినవాళ్లు మూడోవంతు మందే. ఆ ఫోన్లో ఇంకో రెండు నిమిషాలు మాట్లాడి ఉంటే సరిపోయేది.

కాబట్టి ఫోన్ వస్తే అడగండి. ఏ జబ్బు కోసం చూస్తున్నారు? అంకె ఎంత వచ్చింది? ఇలా పిలిచిన వాళ్లలో నిజంగా జబ్బు తేలేది ఎంతమందికి? ఫలితం ఏ రోజు వస్తుంది, ఎవరు చెబుతారు? ఈ లోపు పాలు పట్టడంలోగానీ ఇంకేదైనా గానీ మేం మార్చాల్సింది ఉందా? థైరాయిడ్ విషయంలోనైతే చివరి ప్రశ్నకి సాధారణంగా లేదనే జవాబు వస్తుంది, మామూలుగా పాలివ్వమంటారు. కొన్ని జీవక్రియ జబ్బులకి మాత్రం పాలు వెంటనే ఆపమని చెప్పొచ్చు, అప్పుడు ఒక్క పూట కూడా ఆగకూడదు. ఆగమన్నప్పుడు ఆగడం ఎంత ముఖ్యమో, రమ్మన్న రోజున వెళ్లడం అంతే ముఖ్యం. టీఎస్‌హెచ్ మరీ ఎక్కువుంటే, రక్తం తీసి, రిపోర్టు రాకముందే మాత్ర మొదలుపెడతారు కూడా.

తప్పు ఎవరిదన్న చర్చ ఇంట్లో మొదలైతే దాన్ని అక్కడే ఆపేయండి. ఎక్కువమంది పిల్లల్లో గ్రంథి సరిగా తయారవకపోవడమో, ఉండాల్సిన చోట లేకపోవడమో కారణం. గ్రహణానికీ దానికీ సంబంధం లేదు. గ్రంథి ఉండీ హార్మోను తయారుకాని రకం మాత్రం తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వచ్చిన జన్యువుల వల్ల వస్తుంది, మేనరికాల్లో కాస్త ఎక్కువ. అప్పుడు తర్వాతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది కాబట్టి, ఆ బిడ్డకి పరీక్ష తప్పనిసరి.

లోపం ఉందని తేలి మాత్ర వాడుతున్న పిల్లలకి ఇంకో ఎదురుచూపు ఉంటుంది. మూడేళ్లు నిండాక, గ్రంథి ఉన్నచోటే ఉన్న పిల్లల్లో కొందరికి డాక్టర్లు నెల రోజుల పాటు మాత్ర ఆపి రక్తం చూస్తారు. మెదడు ఎదుగుదలలో కీలకమైన దశ అప్పటికి దాటి ఉంటుంది గనుక ఆ నెల వల్ల నష్టం ఉండదు. కొందరికి మాత్ర ఇక అక్కర్లేదని తేలుతుంది, మిగతావాళ్లు మర్నాటి నుంచి మళ్లీ వేసుకుంటారు.