షుగర్ గ్రాఫ్‌ని కింద నుంచి చదవండి

సీజీఎం, అంటే చర్మానికి అంటించుకుంటే రోజంతా షుగర్ చూపించే సెన్సర్, పెట్టుకున్న కొత్తలో చాలామంది చేసే పని ఒకటే, ఫోన్ తీయడం, నంబర్ చూడడం, కంగారు పడడం, కాసేపాగి మళ్ళీ తీయడం. 5 నిమిషాలకో రీడింగ్ అంటే రోజుకి 288, అన్నిసార్లూ టెన్షన్ పడుతూ కూర్చుంటే ఇంక వేరే పనేం చేస్తాం.

అసలు ఆ సెన్సర్ కొలిచేది రక్తంలో షుగర్ కాదు. చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవంలో గ్లూకోజ్‌ని కొలుస్తుంది, రక్తంలోంచి అక్కడికి చేరడానికి టైమ్ పడుతుంది కాబట్టి షుగర్ స్పీడ్‌గా మారేటప్పుడు ఓ 5 నుంచి 15 నిమిషాలు వెనకబడుతుంది. తిన్నాక వేలు గుచ్చి చూస్తే 190, సెన్సర్‌లో 165 ఉందంటే మిషన్ పాడైందని కాదు. అందుకే నంబర్ పక్కన బాణం కూడా చూడాలి. బాణం అడ్డంగా ఉంటే 110 హాయైన నంబరే, అదే 110 పక్కన బాణం నిట్టనిలువుగా కిందకి ఉంటే, అదీ ఇన్సులిన్ వేసుకునేవాళ్ళకైతే, కాసేపట్లో షుగర్ ‘లో’ అవ్వొచ్చు, అంటే మరీ పడిపోవచ్చు.

ఇంక రిపోర్ట్ సంగతి. కనీసం 14 రోజుల డేటా ఉండాలి, అందులో 70 శాతం టైమైనా సెన్సర్ పనిచేసుండాలి. అందరి కళ్ళూ ముందు యావరేజ్ మీదకే పోతాయి, నా లెక్కలో అది చివర చూడాల్సింది. ఇద్దరికీ యావరేజ్ 154 అనుకోండి, ఇద్దరికీ జీఎంఐ (సెన్సర్ యావరేజ్ నుంచి లెక్కగట్టే హెచ్‌బీఏ1సీ అంచనా) 7 దగ్గరే వస్తుంది, కానీ ఒకరి షుగర్ 110 కీ 200 కీ మధ్య తిరుగుతోంది, ఇంకొకరిది రాత్రి 50, మధ్యాహ్నం 300. యావరేజ్‌కి ఈ తేడా కనపడదు. ఊగిసలాటని చెప్పేది సీవీ, అంటే షుగర్ యావరేజ్‌కి అటూ ఇటూ ఎంత శాతం ఊగుతోందన్న లెక్క, అది 36 శాతం దాటకపోతే మేలు.

కాబట్టి ముందు కింద చూడండి. 2019 లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం 70 కంటే కింద గడిపే టైమ్ 4 శాతం లోపు, అంటే రోజుకి గంట లోపు ఉండాలి, 54 కింద అయితే 1 శాతం లోపే. వయసు మళ్ళినవాళ్ళకి ఇంకా కచ్చితం, 70 కిందే 1 శాతం దాటకూడదు. ఇది సరిగా ఉన్నాకే 70-180 మధ్య 70 శాతం, అంటే రోజుకి దాదాపు 17 గంటలు, గురించి ఆలోచించాలి. లోలు వస్తుండగా హైలు తగ్గిద్దామని డోస్ పెంచితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

అలాగని ప్రతి లో నిజం కాదు. రాత్రి సెన్సర్ ఉన్న చేతి మీద పడుకుంటే అక్కడ ఒత్తిడికి రీడింగ్ దబ్బున 55 కి పడి, పక్కకి తిరగ్గానే మళ్ళీ లేస్తుంది. అలారం మోగితే ఒకసారి వేలు గుచ్చి చూసుకోండి.

రిపోర్ట్‌లో ఆ రోజులన్నిటినీ ఒకే రోజులా కలిపి గీసే గ్రాఫ్ ఉంటుంది, అందులో నాకు బాగా నచ్చేది మధ్య గీత చుట్టూ ఉండే రంగు పట్టీ. తెల్లవారుజామున గీత పైకి పోతూ పట్టీ సన్నగా ఉంటే రోజూ అదే జరుగుతోందన్నమాట, అలాంటిది డాక్టర్ మందుతోనో టైమింగ్‌తోనో సర్దగలరు. పట్టీ వెడల్పుగా ఉంటే మాత్రం ఒక్కో రోజు ఒక్కోలా ఉందని, అప్పుడు డోస్ జోలికి పోకుండా ఆ టైమ్‌లో తిండి, నిద్ర, నడక ఏ రోజుకారోజు ఎలా మారుతున్నాయో అడగాలి.